నాలుగు వైపులా వాలిన ఇల్లు

"ఈ ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు," అన్నాడు ఇనస్పెక్టరు. "అంతటితో పోదు. సాయంత్రానికి వీళ్ళిద్దరి మీద కేసు కూడా పెడుతుంది."

ఆ మాట గది చుట్టూ ఒక తిరుగు తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. గది గుండ్రంగా ఉంది మరి.

ఆ ఇల్లు ఒకప్పటి నీళ్ళ ట్యాంకు. స్తంభాల మీద నిలిచినది కాదు. నేలలోంచి నేరుగా లేచిన ఇటుక బురుజు. ఊరికి కొత్త ట్యాంకులు వచ్చాక అందులో నీళ్ళు పోయాయి, నాచు ఎండింది. తరవాత యజమాని గోడలకు కిటికీలు తొలిపించి, నడుమ చెక్కలతో పై అంతస్తు వేయించి, ఉత్తరపు గోడ వెంట మెలికల మెట్లు పెట్టించి, దాన్ని ఇల్లనిపించాడు. మూలన్నది లేని ఇల్లు. చీపురుకు సుఖం, బీరువాకు కష్టం.

వదినకు ఆ ఇల్లంటే ప్రాణం. భర్త పోయాక మరిదితో కలిసి అందులో అద్దెకు దిగింది. కింది గదిలో కుట్టుమిషను పెట్టింది. వెలుతురు ఒక కిటికీలోంచి పోతే మరొక కిటికీలోంచి వచ్చేది. మిషనును దాని వెంట జరుపుకుంటూ పొద్దంతా కుట్టేది. ఇప్పుడు యజమాని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. తనఖా మీద బ్యాంకు అప్పిస్తేనే ఆమె కొనగలదు. ఇవాళ బ్యాంకు మూసేలోగా మంజూరైందన్న మాట రాకపోతే, యజమాని మరొకరికి ఇచ్చేస్తాడు. ఆ మరొకరికి కావలసింది ఇల్లు కాదు, స్థలం. బురుజును పడగొట్టి గోడౌను కడతాడట.

గుండ్రటి ఇంటిని తాకట్టు పట్టడం ఆ బ్యాంకుకు కొత్త. మేనేజరు మొదట నవ్వాడు, తరవాత ఆలోచించాడు, చివరికి గోడలు నిటారుగా ఉన్నాయని తమ ఇంజనీరు చెబితే చాలన్నాడు. ఇంజనీరు వచ్చి, కొలిచి, బురుజు తూర్పుకు వాలిందన్నాడు. వదిన బతిమాలితే కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి, మళ్ళీ కొలిచి, ఈసారి పడమటికి వాలిందన్నాడు. కదిలే ఇంటికి అప్పెవరిస్తారు?

అందుకే బ్యాంకు ఇనస్పెక్టరును పంపింది. ఆయన పోలీసు ఉద్యోగం మాని చాలాకాలమైంది. ఇప్పుడు బ్యాంకు తరఫున మోసాలు పట్టుకుంటాడు. అయినా పాత పేరుతోనే పిలిపించుకుంటాడు, పాత గొంతుతోనే మాట్లాడతాడు.

వదిన చీమను పిలిపించుకుంది.

చీమ ప్రైవేటు డిటెక్టివు. సన్నటి మనిషి, తల వంచుకుని నడుస్తుంది, నేల మీద ఉన్నదేదీ వదలదు. ఆ పేరు పెట్టింది ఇనస్పెక్టరే, ఏదో పాత కేసులో ఆవిడ చేతిలో ఓడిన కోపంతో. ఆవిడ ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది. ఫీజుకు బదులు మంచి కోటు కుట్టిపెడతానని వదిన అంటే, "లోపల జేబులు ఎక్కువ ఉండాలి," అన్నది. బేరం అక్కడితో కుదిరింది.

"కేసు దేనికో చెబితే మేమూ వింటాం, ఇనస్పెక్టరుగారూ," అంది చీమ.

"పడమటి గోడ అవతల గొయ్యి ఉంది. కొత్తగా తవ్వింది. గొయ్యి మీద రేకు, రేకు మీద ఎండుటాకులు. ఏమీ లేకపోతే ఇంత దాపరికం ఎందుకు?" ఆయన వేలు కిటికీ వైపు నుంచి మరిది వైపు తిరిగింది. "ఇల్లు తూర్పుకు వాలిందని తెలిసింది. అప్పు రాదని తెలిసింది. ఏం చేశారు? పడమట పునాది కింద మట్టి లాగేశారు, ఇల్లు ఇటు ఒరిగి సరిపోతుందని. చెయ్యి కాస్త ఎక్కువ పడింది. సరిపోవలసిన ఇల్లు ఇటు వాలింది. బ్యాంకు కళ్ళు కప్పబోయి ఉన్న ఇంటికే ఎసరు పెట్టుకున్నారు."

"ఇదేమైనా తక్కెడ అనుకున్నారా, అటో గుప్పెడు ఇటో గుప్పెడు వేసి సరిచెయ్యడానికి?" అంది వదిన. గొంతు గట్టిగానే వచ్చింది.  

ఆ గొయ్యి సంగతి ఆమెకు తెలియదు. మరిది వైపు చూసింది. మరిది నేల వైపు చూశాడు.

"గొయ్యి ఎక్కడికీ పోదు," అంది చీమ. "ముందు కొలిచినాయనతో మాట్లాడతాను."

ఇంజనీరు పడుచువాడు. తలుపు దగ్గరే, చెప్పులు విప్పాలో వద్దో తేలక, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా కొలిచారు బాబూ?"

"దారానికి ఇత్తడి గుండు కట్టి వేలాడదీస్తాం మేడం. పైన దారానికీ గోడకూ జానెడు ఎడం పెట్టాను. కింద కూడా జానెడే ఉంటే గోడ నిటారుగా ఉన్నట్టు. ఇక్కడ కింద నాలుగు వేళ్ళే వచ్చింది. అంటే గోడ పైభాగం అవతలికి పోయిందన్నమాట."

"రెండుసార్లూ నాలుగు వేళ్ళేనా?"

"రెండుసార్లూ."

"మొదటిసారి ఏ గోడ దగ్గర?"

"తూర్పు గోడ. రెండోసారి అక్కడ ఈవిడ గుడ్డలు పేర్చి ఉన్నాయి. అందుకని పడమటి గోడ దగ్గర కొలిచాను."

"బయట ఎందుకు కొలవలేదు?"

ఇంజనీరు మొహం చిన్నబోయింది. "రోజూ అపార్టుమెంట్లే చూస్తాను మేడం. అయిదో అంతస్తుకి బయట ఎవరు వేలాడతారు? లోపలే కొలుస్తాం. ఒక్క గోడ చూస్తే చాలు. అన్నీ ఒకేలా ఉంటాయి."

"ఆయన్ని అల్లరిపెట్టి లాభం లేదు," అన్నాడు ఇనస్పెక్టరు. "గుండు అబద్ధం చెప్పదు."

"చెప్పదు. నేనూ అదే అంటున్నాను," అని చీమ బయటికి నడిచింది.

అందరూ వెనకే వెళ్ళారు. మరిది రేకు తీశాడు. తీస్తున్నప్పుడు వదిన మొహం వైపు చూడలేదు.

"ఎందుకు తవ్వావు?" అంది చీమ.

"చెట్టు నాటుదామని."

"చెట్టుకింత పొడుగు గొయ్యా? పడుకోబెట్టి నాటుతావా?"

మరిది చెవులు ఎర్రబడ్డాయి. చీమ గోతిలోకి దిగింది. గోడ వైపు మోకాలి లోతు వచ్చింది. రోడ్డు వైపు నడుము లోతు. గోతి మొదలు గోడకు బారెడు దూరంలోనే ఆగిపోయింది. పునాది దగ్గర మట్టి పాతదే, గట్టిదే. దాని మీద గడ్డి వేళ్ళు అల్లుకుని ఉన్నాయి.

"ఇది రోడ్డు కాలువ వైపు వాలుగా పోతోంది. చెట్టుకు వాలు అక్కర్లేదు, మురుగునీళ్ళకు కావాలి. పైపు ఎక్కడ దాచావు?"

"వ్యానులో," అన్నాడు మరిది. ఊళ్ళో సామాన్లు చేరవేసే వ్యాను అతనిది. ఇక దాచి లాభం లేదని తేలాక మాటలు గబగబా దొర్లాయి. "బాత్రూము పైన ఉందండీ. వదినకు మోకాళ్ళు బాగాలేవు. ప్రతి మెట్టు మీదా ఆగుతుంది. నేను చూస్తే, గోడ మీద ఏదో చూస్తున్నట్టు నటిస్తుంది. ఏడాదిగా ఆ గోడ మీద చూడటానికేముంది? కొన్నాక కిందే ఒక బాత్రూము కట్టిద్దామని, ముందుగా కాలువ తవ్వుకున్నాను. కొనేదాకా ఇంటిమీద గునపం పెట్టొద్దని యజమాని గట్టిగా చెప్పాడు. అందుకే రేకు కప్పాను."

వదిన నోరు తెరిచింది. "నీకసలు బుద్ధుందా?" అంది.  పైట చెంగుతో మొహం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నది. మబ్బు పట్టి ఉంది.

"చక్కటి కథ," అన్నాడు ఇనస్పెక్టరు. "కోర్టులో చెబితే జడ్జిగారు కూడా కళ్ళు తుడుచుకుంటారు. కానీ ఇల్లు అటూ ఇటూ ఊగిందా లేదా? దానికి సమాధానం చెప్పండి, చీమగారూ. బ్యాంకు మూసే వేళవుతోంది."

 చీమ లోపలికి వెళ్ళి మెట్లెక్కింది, పై గదిలో కాసేపు నిలబడింది, దిగి వచ్చింది. కింది కిటికీ దగ్గర ఆగింది. ఆ కిటికీ అరుగు మీద వదిన గుడ్డ తానులు అడ్డంగా పేర్చుకుంటుంది. చీమ అందులోంచి ఒక తాను లాగి మరిది చేతిలో పెట్టింది.

"దీన్ని పైకి తీసుకెళ్ళి, సరిగ్గా దీని పై కిటికీలో పెట్టు."

"అక్కడ పట్టదండీ. సగం కిందికి వేలాడుతుంది."

"ఇక్కడ పట్టింది కదా?"

"కింది అరుగు వెడల్పు. పైన అద్దం, దువ్వెన పెడితే నిండిపోతుంది."

"రెండు కిటికీలూ ఒకే గోడలోవి. గోడ ఎంత లావుంటే అరుగు అంత వెడల్పుంటుంది. అవునా?" చీమ ఇంజనీరు వైపు తిరిగింది. "మరి ఒకే గోడకు రెండు లావులెలా వచ్చాయి బాబూ?"

ఇంజనీరు కింది కిటికీ చూశాడు, పైకప్పు చూశాడు. అతని మొహంలో ఒక్కొక్క దీపమే వెలిగినట్టయింది. రెండో కాలు కూడా లోపల పెట్టాడు.

"నీళ్ళు," అన్నాడు. "లోతుకు పోయేకొద్దీ నీళ్ళు గోడను ఎక్కువ నెడతాయి. అందుకని ట్యాంకు గోడ అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కడతారు. బయటి వైపు నిటారుగా, లోపలి వైపు ఏటవాలుగా. అయ్యో, ఇది చదువుకున్నాను మేడం."

"చదివారు. కానీ రోజూ చూసేది అపార్టుమెంట్లు. ఏ గోడ దగ్గర గుండు వేలాడదీసినా అది బయటికి వాలినట్టే కనిపిస్తుంది. తూర్పున కొలిస్తే తూర్పుకు, పడమట కొలిస్తే పడమటికి. దక్షిణాన కొలిచి చూడండి."

కొలిచారు. పైన జానెడు, కింద నాలుగు వేళ్ళు. బురుజు దక్షిణానికి కూడా వాలింది.

"ఇల్లు వాలితే ఒకవైపు వాలుతుంది," అంది చీమ. "పువ్వులా అన్ని వైపులకూ విచ్చుకోదు. ఈ ఇల్లు ఎటూ వాలలేదు, ఎన్నడూ కదల్లేదు."

వదిన కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక గానీ ఇంతసేపూ నిలబడే ఉన్నానని తెలియలేదు. భుజాల మీద ఎవరో మోపిన బస్తా జారి, జారి, నేల మీద మెత్తగా దిగినట్టుంది. గోడలు గోడల్లా కనిపించాయి, కిటికీలు కిటికీల్లా. మరిది గుడ్డ తాను పట్టుకునే నవ్వుతున్నాడు, దాన్ని దించాలన్న ధ్యాస కూడా లేకుండా.

"ఉత్తరం మిగిలింది," అన్నాడు ఇనస్పెక్టరు.

నవ్వు ఆగింది.

"మీ మాట నిజమైతే ఉత్తరపు గోడా వాలాలి. నాలుగోది చూడకుండా నేను ఒప్పుకోను. ఒక్క గోడ చూసి నమ్మితే ఏమవుతుందో ఇప్పుడే చూశాం కదా."

"న్యాయమే," అంది చీమ.

ఉత్తరాన మెట్లున్నాయి. మెట్ల కింద, ఎవరూ పోని చీకటి సందులో, ఇంజనీరు వంగి గుండు వేలాడదీశాడు. ఇనస్పెక్టరు తానే మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు ఆనించి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. లేచి నిలబడినప్పుడు ఆయన గొంతులో గెలుపు ఉంది గానీ సంతోషం లేదు.

"పైన జానెడు. కింద జానెడు."

ఆ గోడ నిటారుగా ఉంది.

 మూడు వైపులు వాలి, నాలుగో వైపు వాలకపోతే, అది ట్యాంకు కట్టిన పద్ధతి అనడానికి లేదు.  చీమ తల వంచుకుని నేలను చూస్తోంది. ఆమె చూపు మెట్ల దగ్గర ఆగింది. అక్కడ నేల తివాచీ అంచు కిందికి మడిచి, పైకి కనబడకుండా కుట్టేసి ఉంది.

"ఈ తివాచీ ఎవరు కుట్టారక్కా?"

వదిన మొహం వేడెక్కింది. ఎవరూ చూడకూడదనుకున్నది సరిగ్గా ఇలాంటి వేళలోనే చూశారు. "నేనే," అంది. "పాత గుడ్డలు పోగేసి, గది నడుమ మేకు కొట్టి, మేకుకు తాడు కట్టి, సరిగ్గా గుండ్రంగా గీసి కత్తిరించాను. తీరా పరిస్తే మెట్ల దగ్గర గోడ అడ్డొచ్చింది. మూరెడు మిగిలిపోయింది. కత్తెర పట్టిన చెయ్యి ఇన్నేళ్ళకు తప్పిందని సిగ్గేసి, మడిచి కుట్టేశాను. వీడికి కూడా చెప్పలేదు."

"మిగతా చుట్టూ సరిపోయిందా?"

"వెంట్రుకవాసి తేడా లేదు."

చీమ తల ఎత్తింది. "అయితే మీ చెయ్యి తప్పలేదు. గదే ఇక్కడ గుండ్రంగా లేదు. ఇనస్పెక్టరుగారూ, ఇది ట్యాంకు గోడ కాదు. దాని ముందు ఎవరో కట్టిన మరో గోడ."

ఇనస్పెక్టరు వేలి కణుపుతో గోడను తట్టాడు. పక్కన తట్టాడు. మళ్ళీ ఇక్కడ తట్టాడు. పక్కన రాయిలా పలికింది. ఇక్కడ డబ్బాలా పలికింది. ఆయన చీమ వైపు చూసిన చూపులో కోపం ఉంది, దాని వెనక మరేదో కూడా ఉంది. కోటు విప్పి మెట్ల కమ్మీకి తగిలించాడు.

"యజమానికి నేను చెబుతాను. తాకట్టు పట్టే ఇంట్లో మూసిన చోటుంటే తెరిచి చూసే హక్కు బ్యాంకుకు ఉంది. అబ్బాయ్, ఆ గునపం తీసుకురా. ఈసారి పనికొచ్చే చోట వాడదాం."

తాను చంకలో పెట్టుకునే మరిది తెచ్చిన గునపాన్ని ఇనస్పెక్టరే అందుకున్నాడు. పూత రాలింది. ఒక ఇటుక కదిలింది, ఊడింది. ఇనస్పెక్టరు కంత దగ్గర కన్ను పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత ఇంజనీరుకు చోటిచ్చాడు.

"వెనక పాత గోడ ఉంది," అన్నాడు ఇంజనీరు. అతని గొంతు పలచగా, ఆనందంగా పలికింది. "అడుగున లావుగా, ఏటవాలుగా. మిగతా మూడింటిలాగే. పగుళ్ళు లేవు, తడి లేదు. బంగారం లాంటి గోడ మేడం."

ఇనస్పెక్టరు ఫోను తీసి మేనేజరుకు చేశాడు. "నేనే. ఇల్లు కదల్లేదు. కదలదు. మా కొలతే పొరపాటు. కేసూ లేదు, గీసూ లేదు. మంజూరు చేయండి." కాసేపు విన్నాడు. "గుండ్రంగానే ఉంది సార్. గుండ్రంగా ఉండటం నేరం కాదు." ఫోను జేబులో పెట్టి వదిన వైపు తిరిగాడు. "అప్పు మంజూరైందమ్మా. యజమానికి బ్యాంకువాళ్ళే ఇప్పుడు చెబుతారు."

వదిన నవ్వబోయి ఏడ్చింది, ఏడుపు ఆపబోయి నవ్వింది. మరిది చంకలోని తాను వదిలేశాడు. గుడ్డ గది పొడుగునా దొర్లి విచ్చుకుంది. "చూస్తావేం, చుట్టు, మాసిపోతుంది," అని కసిరింది వదిన. ఆ కసురులో ఎన్ని నెలల బరువు దిగిపోయిందో మరిదికి తెలిసింది. చుడుతూనే ఇంకా నవ్వుతున్నాడు. ఇంజనీరు అందరితో చేతులు కలుపుతూ, ఇనస్పెక్టరుతో రెండుసార్లు కలిపాడు.

చీమ ఒక్కతే మెట్ల కిందే ఉండిపోయింది. కంతలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఏదో తడుముతోంది.

"ఇక బయటికి రండి చీమగారూ," అన్నాడు ఇనస్పెక్టరు. "ఈసారికి మీరే గెలిచారు."

"ఒక్కటి చెప్పండి. టార్చి వెయ్యకుండానే వెనక గోడ మీకెలా కనిపించింది?"

ఇనస్పెక్టరు మొహం మీది నవ్వు అలాగే ఉండి, దాని కింద మొహం మారిపోయింది. ఇంజనీరు వైపు చూశాడు. అతను కూడా టార్చి వెయ్యలేదు.

"లోపల వెలుతురుంది," అంది చీమ. "పగటి వెలుతురు. కిందినుంచి వస్తోంది. గాలి కూడా. ఇంకొకటి. ఈ ఇటుకల మధ్య సున్నం, మన వైపు ఎలా పొంగిందో అలాగే, దిద్దకుండా ఉబికి ఉంది. దాని మీద తరవాత పూత పూశారు. అటువైపు నున్నగా ఉంది, వేలితో దిద్దినట్టు. ఇటుక పేర్చేవాడు తను నిలబడ్డ వైపే సున్నం దిద్దుతాడు."

వదినకు ఆ మాట మెల్లగా అందింది. "అంటే, కట్టినవాడు అటువైపు నిలబడి కట్టాడా?"

"అటువైపే. ఇటు పూత పూసింది ఇంకొకరు. కట్టినవాడు గోడ పూర్తయ్యాక ఇటు రాలేదు. అటునుంచి అటే పోయాడు. అంటే ఈ ఇంటికి మనకు తెలియని దారి ఒకటుంది, కింద నుంచి."

"ట్యాంకు నీళ్ళు పోయే పాత సొరంగం అయివుంటుంది," అన్నాడు ఇంజనీరు, చిన్నగా.

ఇనస్పెక్టరు ఫోను మళ్ళీ బయటికి తీశాడు. గొంతు తగ్గించాడు, వదిన ఆ గొంతు మొదటిసారి వింది. "అమ్మా, ఇప్పుడు చెబితే మంజూరు ఆపించగలను. ఇదేమిటో తేలేదాకా. కానీ ఆపితే ఇల్లు ఆ గోడౌనువాడికి పోతుంది. మీరేమంటే అది."

మరిది చుట్టడం ఆపాడు. అందరూ వదిన వైపు చూశారు.

ఆమె కిటికీలను చూసింది. మిషనును చూసింది. మడిచి కుట్టిన తివాచీ అంచును చూసింది. కాస్త ముందు వరకూ ఆ ఇల్లు పడిపోతుందన్నారు, తానే పడగొట్టిందన్నారు; దానిముందు ఈ భయం భయంలా అనిపించలేదు.

"ఆపొద్దు," అంది. "పడిపోని ఇల్లు దొరికింది, అది చాలు. దొంగదారి ఉంటే మూయించుకుంటాను. కానీ అది నా ఇల్లయ్యాక."

చీమ నవ్వింది. ఆ పూట ఆవిడ నవ్వడం అదే మొదలు. కంతలోంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. చెయ్యి అడ్డు తొలగగానే కంతలోంచి సన్నటి వెలుతురు మెట్ల కిందికి, వదిన పాదాల మీదికి, రూపాయి బిళ్ళంత గుండ్రంగా పడింది.

అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు, ఇటువైపు నుంచి కంతకు ఎవరూ అడ్డం రాలేదు.

ఆ వెలుతురు ఆరిపోయింది.